మేకల కడుపులో నట్టలు

మేకను పేదవాళ్ల ఆవు అంటారు. మేక పాలు ఇస్తుంది. పిల్లలను ఇస్తుంది. చేనుకు ఎరువు ఇస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లల్లో చాలా ఇండ్ల ముందు రెండో నాలుగో మేకలు కనిపిస్తాయి. బీడీలు చుట్టే ఇంట్లో ఉంటాయి. సాంచెలు నడిపే ఇంట్లో ఉంటాయి. కూలికి పోయే ఇంట్లో ఉంటాయి.

పిల్లల ఫీజు కట్టాలన్నా, దవాఖానకు పోవాలన్నా, పండుగకు బట్టలు కొనాలన్నా ఒక మేకను అమ్ముతారు. ఇంట్లో మేకలను చూసుకునేది ఎక్కువగా ఆడవాళ్లే. మేక చస్తే ఆడవాళ్ల చేతిలోని పైసలు పోయినట్టే. సంఘంలో అప్పు తీసుకొని కొన్న మేక అయితే నష్టం ఇంకా ఎక్కువ. మేక పోతుంది. కిస్తీ మాత్రం ఆగదు.

వానకాలం వస్తే మేకలు చిక్కిపోతాయి. మేత తింటాయి, కానీ ఒంటికి పట్టదు. పిల్లలు ఎదగవు. ఒక రోజు పొద్దున లేచి చూస్తే కొట్టంలో ఒకటి పడిపోయి ఉంటుంది. "దిష్టి తగిలింది" అంటారు కొందరు. "గాలి సోకింది" అంటారు ఇంకొందరు. చాలాసార్లు కారణం దిష్టి కాదు, గాలి కాదు. మేక కడుపులో ఉన్న నట్టలు.

నట్టలు ఎన్ని రకాలు?

మేక కడుపులో, పేగుల్లో బతికే పురుగులను నట్టలు అంటారు. ఇవి మేక తిన్న తిండిని తింటాయి. కొన్ని మేక రక్తాన్నే తాగుతాయి. ఈ రకాలు తెలుసుకుంటే చాలు.

రక్తం తాగే నట్టలు: వీటిని డాక్టర్లు హీమాంకస్ అంటారు. మేక పొట్టలో 4 అరలు ఉంటాయి. ఈ నట్టలు నాలుగో అరలో ఉంటాయి. సన్నటి దారం ముక్కల్లా, ఒక అంగుళం దాకా పొడవు ఉంటాయి. ఆడ నట్ట మీద ఎరుపు, తెలుపు దారాలు పెనవేసినట్టు కనిపిస్తుంది. అన్నింటికన్నా ఎక్కువ మేకలను చంపేవి ఇవే.

బద్దె పురుగులు: ఇవి పేగుల్లో ఉంటాయి. బద్దెల్లా వెడల్పుగా, చాలా పొడవుగా పెరుగుతాయి. వీటి ముక్కలు పెంటికలతో పాటు బయటికి వస్తాయి. చూస్తే అన్నం మెతుకుల్లా ఉంటాయి. పిల్లల్లో ఎక్కువ.

జలగలు: కొన్ని పొట్టలో, పేగుల్లో ఉంటాయి. వీటిని పొట్ట జలగలు అంటారు. ఇంకొన్ని కార్జంలో ఉంటాయి. వీటిని కార్జపు జలగలు అంటారు. నీళ్లల్లో ఉండే నత్తల ద్వారా ఇవి మేకకు వస్తాయి.

ఇవి కాక కాక్సిడియా అనేవి ఉన్నాయి. ఇవి పురుగులు కావు. కంటికి కనిపించనంత చిన్న జీవులు. ఇవి పిల్లల పేగులను కొరికినట్టు చేస్తాయి. పిల్ల నల్లగా, ఒక్కోసారి రక్తంతో పారుకుంటుంది. నెల నుంచి నాలుగు నెలల పిల్లలకు ప్రమాదం ఎక్కువ. మామూలు నట్టల మందు వీటి మీద పనిచేయదు. దీనికి వేరే మందు ఉన్నది. అందుకే రక్తంతో పారే పిల్లను డాక్టరుకు చూపించాలి.

ఒక చిన్న లెక్క

రక్తం తాగే నట్ట చాలా చిన్నది. దానితో అంత పెద్ద మేక ఎట్లా చస్తుంది? లెక్క వేసి చూడండి.

ఒక నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటరు రక్తం తాగుతుంది. అంటే 20 నట్టలు కలిసి 1 మిల్లీలీటరు తాగుతాయి. మేక పొట్టలో 1,000 నట్టలు ఉంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోతుంది. చిన్న చాయ్ గ్లాసులో సగం అనుకోండి. 20 రోజులకు ఒక లీటరు.

20 కిలోల మేక ఒంట్లో ఉండే రక్తమే సుమారు 1.4 లీటర్లు. మేక ఒంట్లో కొత్త రక్తం పుడుతుంది. కానీ పోయినంత తొందరగా పుట్టదు. అందుకే మేక రోజురోజుకు తెల్లబడుతుంది. నీరసపడుతుంది. చివరికి పడిపోతుంది.

నట్టలు ఎట్లా వస్తాయి?

నట్టలు మేక కడుపులో వాటంతట అవి పుట్టవు. గడ్డితో పాటు లోపలికి పోతాయి.

రక్తం తాగే ఆడ నట్ట ఒక్కటి రోజుకు 5,000 గుడ్లు పెడుతుంది. ఇంకా ఎక్కువ కూడా పెడుతుంది. ఆ గుడ్లు పెంటికలతో పాటు నేల మీద పడతాయి. తడి, వెచ్చదనం ఉంటే గుడ్లు పగులుతాయి. పిల్ల పురుగులు బయటికి వస్తాయి. సుమారు వారం రోజుల్లో అవి గడ్డి మీదికి ఎక్కడానికి తయారవుతాయి.

పొద్దున గడ్డి మీద మంచు ఉంటుంది. వాన పడితే నీటి పొర ఉంటుంది. ఆ తడిలో పిల్ల పురుగులు గడ్డి పోచ మీదికి పాకుతాయి. ఎక్కువ పైకి పోలేవు. నేల నుంచి రెండు మూడు అంగుళాల లోపే చాలా వరకు ఉంటాయి. మేక ఆ పొట్టి గడ్డిని కొరుకుతుంది. పురుగు లోపలికి పోతుంది. మూడు వారాల్లో పెద్దదై మళ్లీ గుడ్లు పెడుతుంది.

ఇదే నట్టల దారి. పెంటిక నుంచి గడ్డికి. గడ్డి నుంచి నోటికి. నోటి నుంచి కడుపుకు. కడుపు నుంచి మళ్లీ పెంటికకు.

ఎండకాలంలో ఈ ఊళ్లల్లో ఎండ మండిపోతుంది. గడ్డి మీది పురుగులు ఎక్కువగా చచ్చిపోతాయి. కానీ మేక కడుపులో కొన్ని మిగిలి ఉంటాయి. మిర్గం వచ్చి వానలు పడగానే అవే మళ్లీ లక్షల గుడ్లు పెడతాయి. అందుకే వానకాలంలో నట్టలు ఎక్కువ.

మేక పైకి చూసి తినే జీవం

మేకకూ గొర్రెకూ ఒక తేడా ఉన్నది. గొర్రె తల వంచి గడ్డి మేస్తుంది. మేక ముందరి కాళ్లు లేపి కొమ్మల ఆకు అందుకుంటుంది. తుమ్మ, రేగు, మర్రి, రావి ఏది దొరికినా తింటుంది. ఎత్తులో ఉన్న ఆకు మీద నట్టల పిల్లలు ఉండవు. కాబట్టి ఆకు తిన్న మేకకు నట్టలు తక్కువ.

చెలకల్లో, గుట్టల మీద చెట్లు ఉన్నప్పుడు మేకలు ఆకు తిని బతికేవి. చెట్లు తగ్గిన చోట మేకలు ఒర్రె గట్టుకు, చెరువు శిఖానికి, కాలువ కట్టకు చేరుతాయి. అక్కడ పచ్చగా పొట్టి గడ్డి ఉంటుంది. ఊళ్లోని జీవాలన్నీ అక్కడికే వస్తాయి. అన్నింటి పెంటికలూ అక్కడే పడతాయి. అంటే ఊళ్లోని నట్టలన్నీ అక్కడే ఉంటాయి.

నీళ్లు ఉన్న చోట ఇంకొక ప్రమాదం ఉన్నది. జగిత్యాల జిల్లాలో శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ పారుతుంది. సిరిసిల్ల వైపు మానేరు, దాని మీద కట్టిన ప్రాజెక్టులు ఉన్నాయి. నీళ్లు వచ్చినందుకు వరి పండింది. మంచిదే. కానీ నిలిచిన నీళ్లల్లో, బురదలో నత్తలు పెరుగుతాయి. జలగల పిల్లలు నత్తలో పెరిగి బయటికి వచ్చి, నీటి అంచు గడ్డికి అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన మేకకు జలగలు వస్తాయి. మేక దుర్వాసనతో నీళ్లలాగా పారుకుంటుంది.

కంటి రెప్ప చూడండి

మేకలో రక్తం తగ్గిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉన్నది. దీనికి పైసా ఖర్చు లేదు.

మేకను వెలుతురులో నిలబెట్టండి. ఒక వేలితో పై రెప్పను మెల్లగా కిందికి నొక్కండి. ఇంకొక వేలితో కింది రెప్పను లాగండి. లోపలి రంగు చూడండి.

దానిమ్మ గింజలాగా ఎర్రగా ఉంటే మేకలో రక్తం బాగున్నది.

గులాబి రంగులో ఉంటే జాగ్రత్త పడాలి. వారంలో మళ్లీ చూడాలి. చూడి మేక, పిల్ల, బక్క మేక అయితే డాక్టరును అడగాలి.

సున్నంలాగా తెల్లగా ఉంటే ప్రమాదం. ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఈ పద్ధతి దక్షిణాఫ్రికాలో తయారైంది. 1990లలో అక్కడి పశువైద్యులు 5 రంగులతో ఒక అట్ట తయారు చేశారు. దాని పేరు ఫామాచా. ఫాఫా మలాన్ అనే డాక్టరు పేరు మీద ఆ పేరు వచ్చింది. చాలా దేశాల్లో గొర్రెలు, మేకలు పెంచేవాళ్లు దీన్ని వాడుతున్నారు. వానకాలంలో రెండు వారాలకు ఒకసారి ప్రతి మేక రెప్పా చూడాలి.

గోమార్లు, పేలు ఎక్కువగా పట్టినా, మేత చాలకపోయినా రెప్ప తెల్లబడుతుంది. కాబట్టి ఒంటి మీద కూడా వెతికి చూడాలి.

ఇంకా ఏ గుర్తులు ఉంటాయి?

దవడ కింద నీరు చేరి సంచిలాగా వేలాడుతుంది. సాయంత్రం మేసి వచ్చినప్పుడు బాగా కనిపిస్తుంది. పొద్దునకు తగ్గుతుంది. తగ్గింది కదా అని ఊరుకోవద్దు. రక్తం పలుచబడితేనే అట్లా నీరు దిగుతుంది.

వెంట్రుకలు గరుకుగా అవుతాయి. మేక మందలో వెనుకబడుతుంది. పాలు తగ్గుతాయి. పిల్లకు పొట్ట పెద్దగా, ఒళ్లు సన్నగా ఉంటుంది.

ఒక మాట బాగా గుర్తు పెట్టుకోవాలి. రక్తం తాగే నట్టలు ఉన్న మేక పారుకోవాలని లేదు. పెంటికలు మంచిగానే వేస్తుంది. అయినా లోపల రక్తం పోతూనే ఉంటుంది. "పారుతలేదు, నట్టలు లేవు" అనుకుంటే మేక చేజారిపోతుంది.

అన్ని చావులూ నట్టల వల్ల కావు. ఒకేసారి చాలా మేకలకు జ్వరం వచ్చి, కళ్లు ముక్కు కారి, నోట్లో పుండ్లు పడి పారుకుంటే అది పారుడు రోగం కావచ్చు. మంచిగా మేసిన మేక ఉన్నట్టుండి గిలగిల కొట్టుకొని చస్తే చిటుక రోగం కావచ్చు. ఈ రెండింటికీ ముందే టీకా వేయించాలి. నట్టల మందు వీటిని ఆపదు.

పెంటికల పరీక్ష

ఏ నట్టలు ఉన్నాయో తెలిస్తేనే సరైన మందు దొరుకుతుంది. పొద్దున్నే వేసిన తాజా పెంటికలు పది దాకా తీసుకోండి. శుభ్రమైన చిన్న డబ్బీలో వేయండి. దాని మీద మేక గుర్తు, తారీఖు రాయండి. అదే రోజు పశువుల దవాఖానకు తీసుకుపోండి. మైక్రోస్కోపులో చూస్తే నట్టల గుడ్లు కనిపిస్తాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల కూడా ఉన్నది. అక్కడ పశువుల డాక్టర్ల చదువు చెప్తారు.

"మందు తాపినం, మళ్లీ ఎందుకు వచ్చినయి?"

సంఘం మీటింగుల్లో ఆడవాళ్లు ఎక్కువగా అడిగే మాట ఇదే. దీనికి కారణాలు మూడు.

ఒకటి, మందు కడుపులోని నట్టలనే చంపుతుంది. గడ్డి మీద ఉన్నవాటిని చంపదు. మందు తాగిన మేక మరునాడు అదే చెరువు గట్టు మీద మేస్తే మళ్లీ నట్టలు ఎక్కుతాయి.

రెండు, మందు వేరు, నట్ట వేరు. గుండ్రటి నట్టలకు తాపే మందు అన్ని జలగల మీద పనిచేయదు. అంగట్లో సీసా పేర్లు చాలా ఉంటాయి. పేర్లు వేరైనా లోపలి మందు ఒక్కటే కావచ్చు. సీసా మీది మందు పేరు తెలుగులో రాసి ఇమ్మని డాక్టరును అడగండి. నోటుబుక్కులో రాసుకోండి. గడువు తారీఖు తప్పకుండా చదవండి.

మూడు, మందు తక్కువైంది. పైసలు మిగులుతాయని ఒక మేక మందును రెండింటికి పంచుతారు. అప్పుడు బలహీనమైన నట్టలే చస్తాయి. గట్టివి మిగులుతాయి. వాటి పిల్లలూ గట్టివే. కొన్నేండ్లకు ఆ మందుకు నట్టలు చావవు. 1961లో థయాబెండజోల్ అనే నట్టల మందు వచ్చింది. అప్పట్లో అది చాలా గొప్ప మందు. 1964 నాటికే అమెరికాలో దానికి చావని నట్టలు కనిపించాయి. ఆల్బెండజోల్ లాంటి మందులకు కూడా చాలా చోట్ల ఇట్లాగే అవుతున్నది.

గొర్రెకు సరిపోయిన మందు మేకకు సరిపోకపోవచ్చు. మేక ఒంట్లో మందు తొందరగా కరిగి పోతుంది. కాబట్టి "మేకకు ఎంత?" అని అడిగి తాపాలి.

మేక బరువు ఎట్లా తెలుస్తుంది?

మందు బరువును బట్టి ఇస్తారు. కంటితో చూసి చెప్పే బరువు తప్పుతుంది. మనుషులను తూచే కాంటా మీద మీరు మేకను ఎత్తుకొని నిలబడండి. తర్వాత మీరు ఒక్కరే నిలబడండి. పెద్ద అంకెలో నుంచి చిన్న అంకె తీసేయండి.

మేకతో కలిపి 68 కిలోలు. మీరు ఒక్కరే 50 కిలోలు. 68 లో నుంచి 50 తీసేస్తే 18. మేక బరువు 18 కిలోలు.

మందు తాపేటప్పుడు మేక తలను ఎక్కువగా పైకి ఎత్తవద్దు. ఎత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోటి పక్క నుంచి, నాలుక వెనుకకు మెల్లగా పోయండి. మింగనివ్వండి. చూడి మేక అయితే ముందే డాక్టరుకు చెప్పండి. ఆల్బెండజోల్ చూడి మొదటి నెలల్లో తాపకూడదు. కడుపులో పిల్లకు హాని. మందు తాపాక పాలు, మాంసం ఎన్ని రోజులు వాడకూడదో కూడా అడగండి.

పశుసంవర్ధక శాఖ ఊళ్లల్లో గొర్రెలకు, మేకలకు ఉచితంగా నట్టల మందు తాపే శిబిరాలు పెడుతుంది. ఆ రోజు మేకలను మేతకు తోలకుండా ఉంచి మందు తాపించండి. మిర్గం ముందు ఒకసారి, వానలు తగ్గే బతుకమ్మ పండుగ రోజుల్లో ఒకసారి మందు అవసరం ఎక్కువ. ఆ మధ్యలో రెప్ప చూసి, పరీక్ష చేయించి, అవసరమైన మేకకే తాపాలి. ఊరికే నెల నెలా తాపవద్దు.

నట్టల దారి తెంపాలి

మందు సగం పని చేస్తుంది. మిగతా సగం ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్నది.

పొద్దున మంచు ఆరినాకే మేకలను తోలాలి.

పొట్టి గడ్డి, బురద అంచు, నత్తలు ఉన్న చోట మేపవద్దు. ఒకచోట మేపితే నెలన్నర దాకా మళ్లీ అటు పోకుండా చూడాలి.

తుమ్మ, సుబాబుల్, అవిశ కొమ్మలు తెచ్చి కట్ట కట్టి ఎత్తులో వేలాడదీయాలి. మేత నేల మీద వేయవద్దు. దాని మీదే మేక పెంటికలు వేస్తుంది.

కొట్టం రోజూ ఊడవాలి. నేల పొడిగా ఉంచాలి. వీలైతే కట్టెలతో మంచె వేయాలి. పెంటికలు సందుల్లో నుంచి కిందికి పడతాయి. ఊడ్చిన పెంటను దూరంగా కుప్ప పోయాలి. కుప్ప లోపలి వేడికి గుడ్లు చస్తాయి. మంచి ఎరువు తయారవుతుంది.

పిల్లలను పెద్ద మేకల నుంచి వేరుగా పొడి చోట పడుకోబెట్టాలి.

అంగడిలో కొన్న మేకను వెంటనే మందలో కలపవద్దు. వేరుగా కట్టేసి, పరీక్ష చేయించి, మందు తాపించి, ఆ తర్వాత కలపాలి.

పిడికెడు మక్క పిండి, తౌడు, పల్లి చెక్క పెడితే మేకకు బలం వస్తుంది. బలం ఉన్న మేక నట్టలను తట్టుకుంటుంది.

మేకల నోటుబుక్కు

చదవడం, రాయడం వచ్చిన చేతికి ఇది మంచి పని. ఒక నోటుబుక్కు తీసుకోండి. ఒక్కో మేకకు ఒక్కో పేజీ పెట్టండి. ఈ మాటలు రాయండి:

మేక గుర్తు. బరువు. రెప్ప రంగు. తాపిన మందు పేరు. ఎంత తాపిన్రు. తారీఖు. ఈనిన తారీఖు. టీకా వేసిన తారీఖు.

డాక్టరు వచ్చినప్పుడు ఈ బుక్కు చూపించండి. ఏ మందు పనిచేసిందో, ఏది చేయలేదో డాక్టరుకు వెంటనే తెలుస్తుంది. ఏ మేకకు మాటిమాటికీ నట్టలు వస్తున్నాయో మీకు తెలుస్తుంది. అట్లాంటి మేకను అమ్మి, నట్టలను తట్టుకునే మేక పిల్లలను ఉంచుకోవచ్చు.

సంఘంలో మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో మేకలు ఎక్కువగా ఎక్కడ మేస్తున్నాయి? అక్కడ నత్తలు ఉన్నాయా?
2. పోయిన వానకాలం మీ సంఘంలో ఎన్ని మేకలు చచ్చాయి? వాటికి ఏ గుర్తులు కనిపించాయి?
3. ఒక మేకకు మేకను ఎత్తుకొని తూస్తే 71 కిలోలు, మనిషి ఒక్కరే 49 కిలోలు. మేక బరువు ఎంత?
4. రేపు పొద్దున మీ మేకల రెప్పలు చూడండి. ఎన్ని ఎర్రగా, ఎన్ని గులాబిగా, ఎన్ని తెల్లగా ఉన్నాయో రాయండి.